రోడ్డు పక్క ఇనుప రెయిలింగ్‌ను కొలిచి పరీక్షించే పద్ధతి: తిరుపతి, చిత్తూరు దారుల కోసం

తిరుపతి నుంచి పీలేరు వెళ్లే దారిలో భాకరాపేట ఘాట్, చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్, ఈ రెండు జిల్లాల్లో ఎటు పోయినా తగిలే చెరువు కట్టల మీది రోడ్లు. వీటి అంచున నిలబెట్టిన డబ్ల్యూ ఆకారపు ఇనుప రేకును జనం రెయిలింగ్ అంటారు, ఇంజనీర్లు క్రాష్ బ్యారియర్ అంటారు. అది ఉందా లేదా అనేది దారిన పోయే వారెవరైనా చూసి చెప్పేస్తారు. ఉన్నది పనిచేస్తుందా అనేది మాత్రం టేపు పెట్టి కొలిస్తేగానీ తెలియదు.

కిందిది సివిల్, మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, కొత్తగా చేరిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు), రోడ్డు భద్రత పని చేసే స్వచ్ఛంద బృందాలు వాడుకోగల పద్ధతి. నలుగురు మనుషులుంటే ఒక పూటలో ఒక కిలోమీటరు, ఒక వైపు పూర్తిచేయొచ్చు. అంతకంటే వేగంగా చేస్తే అతుకులు, పోస్టులు సరిగ్గా చూడలేరు.

రెయిలింగ్ కూడా అడ్డమే

మొట్టమొదట మనసులో పెట్టుకోవలసింది ఇది. రెయిలింగ్ కూడా బండి ఢీకొనే వస్తువే. దాన్ని ఢీకొనడం కంటే దాని వెనక ఉన్నదాన్ని ఢీకొనడం ఎక్కువ ప్రమాదకరం అయినప్పుడే అది అక్కడ ఉండాలి. కాబట్టి కొలత మొదలుపెట్టే ముందు రోడ్డు అంచు నుంచి బయటికి చూడండి. అక్కడున్న ప్రమాదాన్ని తీసేయొచ్చా? తీయలేకపోతే దూరం జరపొచ్చా? అదీ కుదరకపోతే వాలును చదును చేయొచ్చా? మూడింటికీ కాదనే సమాధానం వచ్చాకే రెయిలింగ్ మాట.

అమెరికాలో జనరల్ మోటార్స్ ప్రూవింగ్ గ్రౌండ్‌లో కెన్నెత్ స్టోనెక్స్ చేసిన పరిశీలనల్లో, రోడ్డు తప్పిన బండ్లలో దాదాపు 80 శాతం 30 అడుగుల లోపలే ఆగడమో, అదుపులోకి రావడమో జరిగింది. 1960ల నుంచి అక్కడి హైవేల పక్కన 9 మీటర్లు ఖాళీగా ఉంచాలన్న ఆలోచన అలా పుట్టింది. మన దగ్గర అంత స్థలం దొరకదు. అయినా మూడు మీటర్ల లోపల ఉన్నవాటిని ముందుగా రాసుకోండి: 10 సెంటీమీటర్ల కంటే లావైన మాను ఉన్న చెట్లు, సిమెంటు కరెంటు స్తంభాలు, కల్వర్టు గోడల మొనలు, కందకం ఒడ్డు, గట్టు లేని వ్యవసాయ బావులు. మన జిల్లాల్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ఒకప్పుడు పొలం మధ్యలో ఉన్న బావి రోడ్డు అంచుకు వచ్చేస్తుంది. దాన్ని పూడ్చడానికి అయ్యే ఖర్చును, దాని చుట్టూ రెయిలింగ్ వేసి ఏళ్ల తరబడి కాపాడే ఖర్చుతో పోల్చి చూడాలి. బావి ఎండిపోయి వాడకంలో లేకపోతే పూడ్చడమే మేలు.

గట్టు వాలు విషయంలో లెక్క సులభం. నాలుగు మీటర్లు అడ్డంగా పోతే ఒక మీటరు దిగే వాలు, అంటే 1:4, లేదా అంతకంటే చదునుగా ఉంటే డ్రైవరు బండిని మళ్లీ రోడ్డెక్కించగలడు. 1:3కి, 1:4కి మధ్యలో ఉంటే బోల్తా పడకుండా కిందికి దిగుతుంది గానీ తిరిగి ఎక్కదు. 1:3 కంటే నిటారుగా ఉంటే బోల్తా పడే అవకాశం ఎక్కువ. గట్టు ఎత్తు మూడు మీటర్లు, ఆపైన ఉంటే రెయిలింగ్ ఉండాలని మన జాతీయ రహదారుల పద్ధతులు చెబుతాయి. చెరువు కట్ట మీద మాత్రం ఎత్తు ఎంతైనా నీళ్లున్న వైపు ప్రమాదంగానే లెక్కించండి.

సామాను, అనుమతి, నిలబడే చోటు

30 మీటర్ల టేపు ఒకటి, 5 మీటర్ల స్టీలు టేపు రెండు, నాలుగడుగుల స్పిరిట్ లెవెల్, రెండు మీటర్ల నిటారైన అల్యూమినియం బద్ద, ఎం16 నట్లకు 24 నంబరు స్పానర్, ఒక చిన్న సుత్తి, సుద్దముక్కలు, వెర్నియర్ కాలిపర్. కాలేజీ ల్యాబ్‌లో పూత మందం కొలిచే గేజీ ఉంటే అది కూడా. ఫోటోలో స్థలం అక్షాంశ రేఖాంశాలతో సహా పడే ఫోన్ యాప్ తప్పనిసరి. లేకపోతే సాయంత్రానికి ఏ ఫోటో ఎక్కడిదో తెలియదు.

అనుమతి లేకుండా హైవే మీద టేపు పట్టకూడదు. జాతీయ రహదారి అయితే అది ఎన్‌హెచ్ఏఐ (జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ) ప్రాజెక్టు ఆఫీసు చేతిలో ఉందో, ఆర్ అండ్ బీ ఎన్‌హెచ్ విభాగం చేతిలో ఉందో ముందు కనుక్కోండి. తిరుమల ఘాట్ రోడ్లు తితిదే ఇంజనీరింగ్ విభాగానివి, అక్కడ వారి మనిషి వెంట ఉండాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద తేదీ, సమయం, కిలోమీటరు నంబర్లు రాసి, ఒక కాపీ స్థానిక పోలీస్ స్టేషన్‌లో కూడా ఇవ్వండి.

ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది మధ్య వెలుతురు బాగుంటుంది, ఎండా తక్కువ. వాన పడుతున్నప్పుడు, మంచులో, పండుగ రద్దీలో వద్దు. అందరికీ మెరిసే జాకెట్లు ఉండాలి. ఒక మనిషి టేపు ముట్టుకోకుండా వచ్చే బండ్ల వైపే చూస్తూ విజిల్‌తో నిలబడాలి. మిగిలినవారు రెయిలింగ్ వెనక వైపు నుంచే కొలవాలి. ముందు వైపుకు రావలసిన కొలతలన్నీ ఒకేసారి తీసుకుని మళ్లీ వెనక్కి వెళ్లిపోవాలి.

ఈశాన్య రుతుపవనాలు తగ్గాక జనవరిలో ఒకసారి, వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి చూడటం మన ప్రాంతానికి సరిపోతుంది. నవంబరు, డిసెంబరు వానలకు పోస్టుల పక్క మట్టి కొట్టుకుపోతుంది. 2021 నవంబరు వానలకు తిరుమల ఘాట్ మీద కొండచరియలు ఎలా విరిగిపడ్డాయో చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఎత్తు: అన్నింటికంటే ఎక్కువగా తప్పేది

మన జాతీయ రహదారుల స్పెసిఫికేషన్‌లో మామూలు డబ్ల్యూ రేకు రెయిలింగ్ కొలతలు ఇలా ఉంటాయి. రేకు మందం 3 మిల్లీమీటర్లు. పోస్టు 150 × 75 × 5 మి.మీ. చానల్, పొడవు 1.8 మీటర్లు, అందులో 1.1 మీటర్లు భూమిలో, 70 సెంటీమీటర్లు పైన. పోస్టుకు పోస్టుకు మధ్య 2 మీటర్లు. రేకుకూ పోస్టుకూ మధ్య 330 మి.మీ. పొడవున్న చానల్ ముక్క, దాన్ని స్పేసర్ అంటారు. మూడు మడతల థ్రై బీమ్ అయితే పోస్టు 2 మీటర్లు, భూమిపైన 85 సెంటీమీటర్లు.

ఎత్తును రేకు పై అంచు నుంచి కొలవాలి. ఎక్కడి దాకా అన్నదాంట్లోనే చాలామంది పొరబడతారు. రెయిలింగ్ తారు అంచుకు 60 సెంటీమీటర్ల లోపల ఉంటే అల్యూమినియం బద్దను తారు మీద పెట్టి, రోడ్డు వాలునే రేకు కిందిదాకా పొడిగించి, ఆ బద్ద నుంచి పైకి కొలవండి. అంతకంటే దూరంగా ఉంటే రేకు కింద నేల నుంచి కొలవండి. గడ్డి, కొట్టుకొచ్చిన ఇసుక తోసేసి కొలవాలి. ప్రతి పది పోస్టులకు ఒకచోట, వంపుల్లో ప్రతి ఐదు పోస్టులకు ఒకచోట చాలు.

కొత్తగా వేసినప్పుడు 70 ఉన్న ఎత్తు తర్వాత ఎందుకు తగ్గుతుందంటే, రోడ్డు మీద మళ్లీ తారు వేస్తారు కాబట్టి. 50 మి.మీ. డీబీఎం (కింది తారు కంకర పొర), దాని మీద 40 మి.మీ. బీసీ (పై తారు పొర) వేస్తే రోడ్డు 9 సెంటీమీటర్లు లేస్తుంది. రెయిలింగ్ ఉన్నచోటే ఉంటుంది, ఎత్తు 61 అయిపోతుంది. అప్పుడు కారు బంపరు రేకు మధ్యలో తగలకుండా పై అంచుకు తగిలి, బండి రెయిలింగ్ మీదుగా దొర్లిపోతుంది. పోస్టులు పైకి లాగి మళ్లీ దించడమో, కొత్తవి వేయడమో తారు పని ఎస్టిమేట్‌లోనే ఉండాలి. రోడ్డు పని ఫైలులో ఈ అంశం కనిపించకపోతే అక్కడే అడగండి. పని ముగిశాక అడిగితే దానికి విడిగా నిధులు వెతకాల్సి వస్తుంది.

ఎక్కువ ఎత్తు కూడా మంచిది కాదు. నేల కొట్టుకుపోయి రేకు మరీ పైకి తేలితే చిన్న కారు ముందు భాగం కిందికి దూరి, చక్రం పోస్టుకు తగులుకుంటుంది.

రెయిలింగ్ ముందు కాలిబాట అంచురాయి (కర్బ్) ఉంటే దాని ఎత్తు కూడా రాయండి. వేగంగా వచ్చే బండి చక్రం 15 సెంటీమీటర్ల కర్బ్‌ను తగిలి ఎగురుతుంది, అప్పుడు సరైన ఎత్తున్న రేకు కూడా తక్కువైపోతుంది. కర్బ్ రేకు ముఖానికి సమానంగా గానీ వెనక గానీ ఉండాలి. వేగం ఎక్కువున్న రోడ్డులో దాని ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదు.

అతుకు, బోల్టు

రేకులు 4 మీటర్లకొకటి అతుకుతాయి. అతుకు దగ్గర ఒకదాని మీద ఒకటి సుమారు 32 సెంటీమీటర్లు ఎక్కుతుంది, ఎనిమిది బోల్టులుంటాయి, పోస్టుకు బిగించే బోల్టు విడిగా ఒకటి. ఎనిమిదీ లెక్కపెట్టండి. ఆరు ఉంటే "దాదాపు సరే" అని రాయొద్దు. బండి తగిలినప్పుడు రేకు తాడులాగా లాగబడుతుంది, ఆ లాగుడంతా అతుకులోనే మోయాలి. పాత ఇనుము కోసం బోల్టులు ఊడదీసుకుపోయే చోట్లు ఉంటాయి. అలాంటి చోట కొత్త నట్లు వేయడంతో ఆగకుండా, దొంగతనం జరగని రకం తలలున్న బోల్టులు వాడమని రాయాలి.

అతుకు దిశ చూడటం మరిచిపోకూడదు. బండ్లు వచ్చే వైపునున్న రేకు, ముందుకు పోయే వైపునున్న రేకు మీదికి, అంటే రోడ్డు వైపుకు ఉండాలి. పెంకుటింటి మీద పై పెంకు కింది పెంకును కప్పినట్టు. తిరగబడితే బండి తలుపో బంపరో ఆ అంచుకు తగులుకుని రేకు విప్పుకుంటుంది. వేలిని రేకు వెంబడి బండ్ల దిశలో జరపండి. అంచుకు తగిలి ఆగితే తిరగబడిందన్నమాట. రెండు వైపులా బండ్లు పోయే సింగిల్ రోడ్డులో, మీ పక్కన నడిచే వరస దిశే లెక్క.

తుప్పు ఉన్నచోట సుద్దతో గుండ్రం చుట్టి ఫోటో తీయండి. హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే) పూత చదరపు మీటరుకు 550 గ్రాములంటే మందం సుమారు 77 మైక్రాన్లు. గేజీ అందులో సగం కూడా చూపించకపోతే పూత తక్కువగా వేశారన్న అనుమానం రావాలి. ఒకే చోట కాకుండా మూడు చోట్ల కొలిచి సగటు తీయండి.

పోస్టు, దాన్ని పట్టుకున్న మట్టి

ఈ భాగానికి ఎక్కువ సమయం పెట్టండి. రెయిలింగ్ బండిని ఆపేది రేకు గట్టిదనంతో మాత్రమే కాదు. తగిలినప్పుడు పోస్టు మట్టిలో వెనక్కి ఒరుగుతుంది, మట్టి నలుగుతుంది, స్పేసర్ రేకును ముందుకు ఉంచి చక్రం పోస్టుకు తగలకుండా చూస్తుంది. శక్తి కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది. ఈ ఒరగడం లేకుండా చేస్తే మొత్తం వ్యవస్థ చెడిపోతుంది.

మన జిల్లాల్లో అడుగున గట్టి రాయి ఎక్కువ. పోస్టు దిగకపోతే పైభాగం గ్యాస్‌తో కోసేసి, కొత్త రంధ్రం కాల్చి రేకు బిగించేస్తారు. బయటికి 70 సెంటీమీటర్లే కనిపిస్తుంది, లోపల 60 కూడా ఉండకపోవచ్చు. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. పోస్టు తల చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తల మీద జింకు పూత ఉంటుంది, అంచు నున్నగా ఉంటుంది. కోసిన తల నల్లగా, గరుకుగా, తుప్పు పట్టి ఉంటుంది. రంధ్రం గుండ్రంగా కాకుండా కాలినట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది. పక్క పోస్టుల్లో తల నుంచి రంధ్రానికి ఉన్న దూరంతో పోల్చండి. ఒక్క పోస్టు పక్కన తవ్వి లోతు కొలవడానికి ఏఈ అనుమతి తీసుకుంటే అనుమానం తీరిపోతుంది. రాయి ఉన్నచోట చేయవలసింది పోస్టు కంటే పెద్ద గుంత డ్రిల్ చేసి, పోస్టు దించి, చుట్టూ కంకర పొడి పొరలు పొరలుగా దట్టించడం.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా అంతే ఎక్కువ. పోస్టును గట్టి కాంక్రీటు దిమ్మెలో పాతేస్తారు, చుట్టూ నేల మీద తారు లేదా కాంక్రీటు పరుపు (ఆప్రన్) వేస్తారు. చూడటానికి బలంగా ఉంటుంది. బండి తగిలితే ఆ పోస్టు ఒరగదు, పక్క పోస్టులు ఒరుగుతాయి. రేకు ఆ ఒక్కచోట సంచిలాగా మడిచి బండిని పట్టేస్తుంది, లేదా చిరిగిపోతుంది. ఆప్రన్ తప్పనిసరి అయినచోట పోస్టు చుట్టూ సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ఖాళీ వదిలి, దాన్ని బలం తక్కువున్న గ్రౌట్‌తో నింపుతారు. పోస్టు ఒరిగితే అది పగిలి దారి ఇస్తుంది.

పోస్టు వెనక నేల కూడా కొలవండి. పోస్టు వెనక నుంచి గట్టు వాలు మొదలయ్యే అంచు వరకు 60 సెంటీమీటర్లు సమతలం ఉండాలి. చెరువు కట్టల మీద పోస్టు సరిగ్గా అంచునే ఉంటుంది, వెనక మట్టి ఉండదు. అక్కడ 1.8 మీటర్ల పోస్టు సరిపోదు. పొడవైన పోస్టు గానీ, మీటరుకొక పోస్టు గానీ కావాలి, లేదా గట్టు వెడల్పు చేయాలి. చేత్తో గట్టిగా తోస్తే కదిలే పోస్టులన్నింటికీ సుద్దతో గుణకారం గుర్తు పెట్టండి.

వెనక ఖాళీ

డబ్ల్యూ రేకు రెయిలింగ్ పరీక్షల్లో వేగంగా వచ్చిన పికప్ తగిలినప్పుడు మీటరుకు పైగా వెనక్కి వంగుతుంది. రేకు వెనక 30 సెంటీమీటర్లలో కరెంటు స్తంభమో చింతచెట్టో ఉంటే, బండి రేకుతో పాటు వెళ్లి దాన్నే గుద్దుతుంది. రేకు ముందు ముఖం నుంచి వెనకున్న వస్తువు ముందు భాగం దాకా కొలిచి రాయండి. ఖాళీ లేకపోతే పోస్టులు దగ్గర దగ్గరగా వేసి గట్టిపరచాలి, లేదా ఆ చోట కాంక్రీటు బ్యారియర్ రావాలి. వంతెన పారపెట్ గోడకు రేకు వచ్చి కలిసే చోట ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంటుంది: వంగే రేకు, వంగని గోడ. రేకును గోడకు బోల్టులతో కట్టి, దగ్గరికి వచ్చేకొద్దీ పోస్టుల మధ్య దూరం తగ్గిస్తూ రావాలి. చాలాచోట్ల రేకు గోడ ముందు అడుగు దూరంలో ఆగిపోతుంది. అలాంటిది కనిపిస్తే అత్యవసర జాబితాలో మొదట రాయండి.

పొడవు ఎంత ఉండాలి

కల్వర్టు దగ్గర నాలుగు మీటర్ల రేకు ముక్కలు రెండు పెట్టి వదిలేస్తే దానివల్ల ఉపయోగం లేదు. బండి రోడ్డును కల్వర్టు దగ్గర వదలదు. ఎంతో ముందే వదిలి, ఏటవాలుగా వచ్చి, రేకు వెనక నుంచి కల్వర్టు గుంతలో పడుతుంది. కావలసిన పొడవుకు సూత్రం ఇది:

పొడవు = ఆగే దూరం × (ప్రమాదం చివరి అంచు దూరం − రేకు దూరం) ÷ ప్రమాదం చివరి అంచు దూరం

దూరాలన్నీ తారు అంచు నుంచి. ఆగే దూరం అంటే రోడ్డు వదిలిన బండి ఆగడానికి తీసుకునే పొడవు. రద్దీ ఎక్కువున్న రోడ్డుకు అమెరికన్ డిజైన్ గైడ్ ఇచ్చిన విలువలు సుమారుగా 80 కి.మీ. వేగానికి 70 మీటర్లు, 100 కి.మీ. వేగానికి 90 మీటర్లు.

ఒక కల్వర్టు గుంత చివరి అంచు రోడ్డుకు 5 మీటర్ల దూరంలో ఉంది, రేకు 2 మీటర్ల దూరంలో ఉంది, వేగం 80 అనుకోండి. 70 × (5 − 2) ÷ 5 = 42 మీటర్లు. కల్వర్టు మొదలయ్యే చోటికి ముందు అంత రేకు కావాలి. సింగిల్ రోడ్డయితే ఎదుటి వరస బండ్లు కూడా ఇటు రావచ్చు. వాటికి దూరాలను మధ్య గీత నుంచి కొలవాలి. వరస వెడల్పు 3.5 మీటర్లు కలిపితే 70 × (8.5 − 5.5) ÷ 8.5, అంటే సుమారు 25 మీటర్లు కల్వర్టు తర్వాతి వైపు కూడా ఉండాలి. చివర పెట్టే టెర్మినల్ పొడవు దీనికి అదనం.

లెక్కలో 42 వచ్చి, రోడ్డు మీద 8 ఉంటే, రెండు అంకెలూ పక్కపక్కన రాసి పంపండి. అధికారులకు వివరణ కంటే ఈ రెండు అంకెలే త్వరగా అర్థమవుతాయి.

పొలం దారి కోసం, టీ కొట్టు కోసం రేకు కోసిన చోట్లు విడిగా రాయాలి. మామిడి సీజన్‌లో తోటల నుంచి ట్రాక్టర్లు దిగడానికి దారి కావాలి, అది న్యాయమే. దారి ఉంచి, రేకును ఆ దారి వైపు వంపు తిప్పి ముగించాలి. మధ్యలో కోసి మొన వదిలేయకూడదు.

చివరలు

బండ్లకు ఎదురుగా కత్తిలా నిలబడిన రేకు చివర కారులోకి దూసుకుపోతుంది. చేప తోకలా గుండ్రంగా తిప్పిన చివర కూడా అదే పని చేస్తుంది, తేడా తక్కువ. రేకును నెమ్మదిగా భూమిలోకి దించే పద్ధతి పాతది. అది దూసుకుపోకుండా ఆపింది గానీ, బండిని ర్యాంపులా పైకెత్తి బోల్తా కొట్టిస్తుంది. అందుకే వేగం ఎక్కువున్న రోడ్ల మీద ఇతర దేశాలు దాన్ని మానుకున్నాయి. ఇప్పుడున్న మంచి మార్గాలు రెండు. ఒకటి, బండి తగిలితే రేకును నలుపుతూ వేగాన్ని తగ్గించే పరీక్షించిన టెర్మినల్. రెండు, పక్కన కొండ చరియ ఉంటే రేకును దూరంగా తిప్పి దాని లోపలికి పాతేయడం. మొగిలి, భాకరాపేట లాంటి చోట్ల కొండ వైపు ఈ రెండో మార్గానికి వీలుంటుంది.

బస్సును ఈ రేకు ఆపుతుందా

2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న ప్రైవేటు బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడి పలువురు చనిపోయారు. ఇలాంటి చోట "రెయిలింగ్ వేయండి" అనే ముందు ఏ రెయిలింగ్ అన్నది తేల్చాలి.

రెయిలింగ్ మీద పడే శక్తిని సగం × బరువు × (వేగం × కోణం సైన్ విలువ) వర్గం అని లెక్కిస్తారు, బరువు కిలోల్లో, వేగం సెకనుకు మీటర్లలో. అమెరికాలో రెయిలింగ్‌లను బండ్లతో గుద్దించి చూసే మాష్ పరీక్షలో 2270 కిలోల పికప్ 100 కి.మీ. వేగంతో 25 డిగ్రీల కోణంలో తగులుతుంది. అది సుమారు 156 కిలోజౌళ్లు. యూరప్ ప్రమాణం ఈఎన్ 1317లో 13 టన్నుల బస్సు 70 కి.మీ. వేగంతో 20 డిగ్రీల్లో తగిలితే సుమారు 287 కిలోజౌళ్లు. మొదటి పరీక్షకు తయారైన రేకును రెండోదానికి నిలబడమనడం సరికాదు. పైగా బస్సు భార కేంద్రం రేకు పై అంచు కంటే ఎత్తులో ఉంటుంది. రేకు తెగకపోయినా బస్సు దాని మీదుగా ఒరిగిపోవచ్చు. లోయ వైపు బస్సులు తిరిగే ఘాట్‌లో కాంక్రీటు బ్యారియర్, లేదా బస్సుతో పరీక్షించిన ఎత్తైన ఇనుప వ్యవస్థ అడగాలి.

అదే బస్సు 35 కి.మీ. వేగంతో వస్తే శక్తి 72 కిలోజౌళ్లకు, అంటే నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి వంపుకు ముందు వేగం తగ్గించే గుర్తులు, బ్రేకులు వేడెక్కిన బండ్లు ఆగే చోటు కూడా రెయిలింగ్ నివేదికలోనే ఉండాలి. హెయిర్‌పిన్ వంపులకు మన ఘాట్ రోడ్ల ప్రమాణం 20 కి.మీ. వేగం, లోపలి అంచుకు కనీసం 14 మీటర్ల వ్యాసార్ధం. ఇంత బిగుతైన వంపులో నిటారు రేకును బోల్టులతో లాగి వంచకూడదు, ఫ్యాక్టరీలోనే వంచి తేవాలి. సుమారు 45 మీటర్ల కంటే తక్కువ వ్యాసార్ధం ఉన్న వంపులన్నింటికీ ఇదే వర్తిస్తుంది.

బైకులు, నడిచేవారు

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారు. ఈ రెయిలింగ్ వారి కోసం తయారైంది కాదు. జారిపడిన మనిషి రేకు కిందికి జారి పోస్టు చానల్ అంచుకు తగులుతాడు. యూరప్‌లో పదునైన వంపుల బయటి వైపు రేకు కింద ఇంకో రేకు కడతారు. మన ఘాట్ వంపుల్లో బైకులు జారిన గుర్తులున్న చోట దీన్ని సూచించండి.

కాలినడకన తిరుమలకు వచ్చే భక్తులు చిత్తూరు, చంద్రగిరి వైపు నుంచి రాత్రిపూట రోడ్డు అంచునే నడుస్తారు. రెయిలింగ్‌ను తారు అంచుకు ఆనించి వేస్తే వారు బండ్ల వరసలోకి రావాల్సి వస్తుంది. వీలైనచోట రేకు వెనక మీటరు వెడల్పు నడక దారి ఉండేలా జరపాలి. అది రేకు వంగే దూరానికి బయట ఉంటే ఇంకా మంచిది.

బండి తగిలిన చోటు దొరికితే

వంగిన రేకు ముందు టైరు జారిన గుర్తులు కనిపిస్తే వాటి పొడవు కొలవండి. గంటకు కి.మీ.లో వేగం వర్గం = 254 × రాపిడి గుణకం × పొడవు మీటర్లలో. పొడి తారుకు 0.7 తీసుకుంటే 30 మీటర్ల గుర్తుకు 254 × 0.7 × 30 = 5334, వర్గమూలం 73. ఇది జారుడులో ఖర్చయిన వేగం మాత్రమే. రేకును గుద్దేటప్పుడు మిగిలిన వేగం వర్గాన్ని దీని వర్గానికి కలిపి, మళ్లీ వర్గమూలం తీస్తే మొదటి వేగం వస్తుంది. తడి రోడ్డుకు ఈ గుణకం వాడకూడదు. ప్రమాదం జరిగిన రోజు వాన పడిందా అని ఎఫ్‌ఐఆర్‌లో చూసుకోండి.

ఈ పనిలోనే ముందుకు పోవాలనుకునేవారికి

ఈ అంకెల వెనక యూనివర్సిటీ ప్రొఫెసర్లు దశాబ్దాల పాటు నిజమైన కార్లను, లారీలను రెయిలింగ్‌లకు గుద్దించి చేసిన పని ఉంది. నెబ్రాస్కా–లింకన్ యూనివర్సిటీలోని మిడ్‌వెస్ట్ రోడ్‌సైడ్ సేఫ్టీ ఫెసిలిటీలో రేకు ఎత్తును 787 మి.మీ.కు పెంచి, అతుకులను పోస్టు దగ్గర నుంచి రెండు పోస్టుల నడిమికి జరిపి, స్పేసర్ లోతు పెంచి కొత్త వ్యవస్థ తయారుచేశారు. అక్కడే డీన్ సికింగ్ బృందం రేసు ట్రాకుల కోసం ఉక్కు, ఫోమ్ కలిపిన సేఫర్ బ్యారియర్‌ను రూపొందించింది. దాన్ని మొదట 2002లో ఇండియానాపొలిస్‌లో పెట్టారు. అమెరికాలో ఈ పరీక్షల నియమాలు 1993లో ఎన్‌సీహెచ్‌ఆర్‌పీ 350 అనే నివేదికగా వచ్చాయి, 2009లో మాష్‌గా మారాయి. అప్పుడు పరీక్షా వాహనాల బరువులూ పెంచారు, చిన్న కారు 820 నుంచి 1100 కిలోలకు, పికప్ 2000 నుంచి 2270కి.

ఎస్‌వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ఇంజనీరింగ్ కాలేజీలోనో, ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతిలోనో చదివే విద్యార్థి ఈ దారిలోకి రావాలంటే డైనమిక్స్, మెటీరియల్స్ బలం, మట్టి మెకానిక్స్ మూడూ గట్టిగా రావాలి. సివిల్ విద్యార్థులు ఢీకొనడాన్ని కంప్యూటర్‌లో లెక్కించే ఎల్‌ఎస్ డైనా లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక పోస్టు, చుట్టూ మట్టి మోడల్ చేసి మొదలుపెట్టొచ్చు. మెకానికల్ విద్యార్థులు మట్టి సంగతి నేర్చుకోవాలి. ఇందాక చెప్పిన ఒక కిలోమీటరు సర్వే మంచి చివరి ఏడాది ప్రాజెక్టు అవుతుంది, ఎందుకంటే కొలతలు మీవి, ఎవరి పుస్తకం నుంచీ తీసుకున్నవి కావు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకాలు ఐఆర్‌సీ 119 (రోడ్డు బ్యారియర్ల మీద), ఐఆర్‌సీ ఎస్‌పీ 88 (రోడ్డు భద్రతా ఆడిట్ మీద) రెండూ చదివాకే రోడ్డు మీదికి వెళ్లండి.

నివేదిక రాసి పంపడం

ప్రతి లోపానికి ఒక వరస: కిలోమీటరు, మీటరు, ఏ వైపు, ఉండవలసిన కొలత, ఉన్న కొలత, ఫోటో నంబరు, ఏం చేయాలి. మూడు తరగతులుగా విడదీయండి. వారంలో చేయవలసినవి: గోడకు కట్టని రేకు, ఎదురుగా ఉన్న మొన, ఊడిపోయిన అతుకు. మూడు నెలల్లో: కదిలే పోస్టులు, 65 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తు, వెనక మట్టి లేనివి. మిగిలినవి వార్షిక పనుల్లోకి. మీరు కొలిచిన దారిలో ఏదైనా 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణమో తీవ్ర గాయమో కలిగించిన ప్రమాదాలు ఐదు, లేదా మరణాలు పది ఉంటే, అది జాతీయ రహదారుల్లో బ్లాక్ స్పాట్ కిందికి వస్తుంది. ఆ లెక్క పోలీసు రికార్డు నుంచి తీసి పై పేజీలో పెట్టండి.

కాపీలు రోడ్డు యజమాని విభాగానికి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి, జాతీయ రహదారి అయితే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి వచ్చిన ఫిర్యాదు నంబరుతో సహా. మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో వచ్చిన 198ఏ సెక్షన్, రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించని సంస్థను, కాంట్రాక్టరును బాధ్యుల్ని చేస్తుంది. ఉత్తరంలో ఆ సెక్షన్ పేరు రాయడంలో తప్పేమీ లేదు, మర్యాదగా రాస్తే చాలు.

మరమ్మతు అయ్యిందని కబురు వచ్చాక అదే బద్ద, అదే టేపుతో, అవే పోస్టుల దగ్గర మళ్లీ కొలవండి. కొత్త రేకు బిగించేటప్పుడు అతుకు దిశ తిరగబడటం, పాత పోస్టు రంధ్రానికి సరిపోక బోల్టులు వదిలేయడం ఎక్కువగా జరుగుతుంది. ఆ రెండూ ముందుగా చూసుకుని, తర్వాతే ఎత్తు కొలవండి.